పడవ ఒకటే, మర్యాద ఎవరికి?

మనిషి ఎక్కడ కాపురముంటాడో చూసి ఎంత మర్యాద ఇవ్వాలో తేల్చే లోకం ఇది. "మీదే ఊరు?" అని అడిగి ఊరుకోరు. "ఊళ్ళో ఎటువైపు?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న ఎందుకు వస్తుందో వాడలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. ఇంటి దిక్కు చెబితే చాలు, కూర్చోమనాలో నిలబెట్టాలో, గ్లాసు ఇవ్వాలో దోసిలి పట్టమనాలో వాళ్ళు తేల్చేసుకుంటారు.

ఇదే ప్రశ్నను ఇంకో దేశంలో ఇంకో రకంగా అడుగుతారు. ఇంగ్లండు కాలవల మీద పడవల్లోనే కాపురముండే జనం ఉన్నారు. ఒకప్పుడు వాళ్ళను చూసి గట్టు మీది మనుషులు ముక్కు మూసుకున్నారు. ఇప్పుడు అదే పడవను చూసి ఎంత ముచ్చటగా ఉందో అంటున్నారు. కాలవ మారలేదు, ఏడడుగుల పడవ వెడల్పూ మారలేదు. మరి మారిందేమిటి? ఇళ్ళ స్థలాల కోసం తిరుగుతున్న మనకు ఈ సంగతి పనికొస్తుందనే ఈ పక్షం దాని గురించి రాస్తున్నాం.

కాలవంటే ఏమిటో, లాకులంటే ఏమిటో గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, అక్కడి కాలవల్ని పొలాలకు నీళ్ళు పారడానికే కాక పడవలు నడవడానికి కూడా పనికొచ్చేట్టు చేయించాడు. ఆ కాలవల్లో పడవల్ని గట్టు మీద నడుస్తూ, తాడు భుజానికేసుకుని మనుషులే లాగేవాళ్ళు. సరుకు ఎవరిది, భుజం ఎవరిది అని మనం అడగాల్సిన పనిలేదు.

పడవల కోసం కాలవ తవ్వడం ఆ దొరల దేశంలో అంతకు తొంభై ఏళ్ళ ముందే ఉంది. 1761లో బ్రిడ్జివాటర్ డ్యూకు అనే పెద్ద భూస్వామి తన గనుల్లోని బొగ్గును మాంచెస్టరుకు చేర్చడానికి కాలవ తవ్వించాడు. కట్టిన ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. మాంచెస్టరులో బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. లాభం చూసినవాళ్ళు ఊరుకుంటారా? 1790ల నాటికి డబ్బున్న ప్రతివాడూ కాలవ కంపెనీల్లో వాటాలు కొనడానికి ఎగబడ్డాడు. పారలతో, గునపాలతో తవ్వింది మాత్రం 'నావీ'లని పిలిచిన కూలీలు. కాలవలకు డ్యూకుల పేర్లున్నాయి గానీ వాళ్ళ పేర్లు లేవు.

దేశం నడిమి భాగంలోని కాలవల మీద లాకుల్ని ఏడడుగుల వెడల్పుతో కట్టారు. అందులో పట్టాలంటే పడవ కూడా అంతే ఉండాలి. అందుకే దాన్ని 'నారోబోటు', అంటే ఇరుకు పడవ, అన్నారు. వెడల్పు ఏడడుగులు, పొడవు డెబ్బై అడుగుల దాకా. ఆ పొడవంతా సరుకుకే. చివర్లో చుక్కాని దగ్గర పది అడుగులకు మించని గది ఒక్కటి మనుషులకు.

1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రైలు నడిచింది. ఆ తర్వాత రైళ్ళు పెరిగిన కొద్దీ పడవల కిరాయి పడిపోయింది. కిరాయి పడితే కూలి పడుతుంది. గట్టు మీద ఇంటికి అద్దె కట్టలేక, జీతగాణ్ణి పెట్టుకోలేక, పడవ నడిపేవాడు పెళ్ళాన్నీ పిల్లల్నీ పడవ ఎక్కించాడు. అంతకుముందు కూడా కొందరు కుటుంబాలతో ఉండేవాళ్ళు గానీ, తర్వాత అదే రివాజు అయింది. గుర్రాన్ని గట్టు మీద నడిపించేది పిల్లలు. లాకు తలుపులు తోసేది, చుక్కాని పట్టేది ఆడమనిషి. నడిచే దారి లేని సొరంగాల్లో గుర్రాన్ని విప్పి కొండ మీదుగా పంపి, మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని కాళ్ళతో గోడను తన్నుకుంటూ పడవను నడిపారు. కూలి మాత్రం ట్రిప్పుకు ఇంత, టన్నుకు ఇంత అని మగవాడి చేతికి వచ్చేది. పెళ్ళాం పనికీ పిల్లల పనికీ లెక్క లేదు. ఇంటిల్లిపాది శ్రమా ఒక్క కూలికే. మన జీతగాళ్ళ బతుకు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కథ కాదు.

ఇక గట్టు మీది మర్యాదస్తులు వాళ్ళకు పెట్టిన పేర్లు చూడండి. నీళ్ళ జిప్సీలు అన్నారు. మురికివాళ్ళు, తాగుబోతులు, దొంగలు, దేవుడంటే తెలియనివాళ్ళు అన్నారు. 'బార్జీ' అన్న మాటను తిట్టులాగే వాడారు. మమ్మల్ని అట్లా పిలవొద్దు, మేం పడవవాళ్ళం అని వాళ్ళు మొత్తుకున్నా విన్నవాళ్ళు తక్కువ. ఊరు దాటి పోయేవాళ్ళు కాబట్టి ఊళ్ళో ఏ వస్తువు పోయినా అనుమానం ముందు వాళ్ళ మీదే. నిజానికి ఆ పది అడుగుల గదిలో ఇత్తడి సామాను తళతళలాడేది. గోడలకు లేసు అంచు పళ్ళేలు, తలుపుల మీద, నీళ్ళ డబ్బాల మీద గులాబీల బొమ్మలు, కోటల బొమ్మలు. బొగ్గు మోసే పడవలో ఆ శుభ్రం నిలుపుకోవడానికి ఆ ఆడవాళ్ళు ఎంత చాకిరీ చేసి ఉంటారో ఇల్లు అలికి ముగ్గు పెట్టే మన అమ్మలకు తెలుసు. అయినా మురికివాళ్ళన్న పేరు పోలేదు. ఎందుకంటే ఆ పేరు మురికిని చూసి పెట్టింది కాదు, మనిషిని చూసి పెట్టింది.

జార్జ్ స్మిత్ అనే సంస్కర్త 1875లో కాలవ జనం గురించి పుస్తకం రాశాడు. ఆయన చిన్నప్పుడు ఇటుక బట్టీలో పనిచేసినవాడే. పిల్లలకు చదువు కావాలన్నాడు, మంచిదే. కానీ ఆ జనాన్ని తాగుడుకూ పాపానికీ పుట్టినవాళ్ళుగా చూపించి సానుభూతి అడిగాడు. 1877లో చట్టం వచ్చింది, 1884లో దాన్ని సవరించారు. పడవల్ని రిజిస్టరు చేయాలన్నారు, ఒక్కో గదిలో ఎంతమంది పడుకోవచ్చో రాశారు, తనిఖీలు పెట్టారు, పిల్లలు బడికి పోవాలన్నారు. ఇంతమంది ఒకే గదిలో ఎందుకు కిక్కిరిసి ఉన్నారు, కూలి ఎంత ఇస్తున్నారు అన్నది మాత్రం ఆ చట్టం అడగలేదు. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో ఊళ్ళో ఉండే పడవకు ఏ బడి దొరుకుతుంది? రెండు తరాల తర్వాత కూడా చదవడం, రాయడం రాని పడవ కుటుంబాలు బోలెడు ఉన్నాయి.

వాళ్ళు నోరు మూసుకుని పడి ఉన్నారని అనుకోవద్దు. 1923లో ఫెలోస్ మార్టన్ అండ్ క్లేటన్ అనే పెద్ద పడవల కంపెనీ కూలి తగ్గిస్తే, బ్రాన్‌స్టన్ అనే ఊరి దగ్గర పడవలు కట్టేసి 14 వారాలు సమ్మె చేశారు. నిత్యం కదిలే జనం పోరాడాలంటే ముందు ఒకచోట నిలబడాల్సి వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత చూపు మారింది. 1939లో ఎల్.టి.సి. రోల్ట్ అనే చదువుకున్న ఇంజనీరు 'క్రెస్సీ' అనే పడవలో కాపురం పెట్టాడు. ఆ ప్రయాణాల మీద ఆయన రాసిన పుస్తకం 1944లో వచ్చింది. పడవ జనం మీద ప్రేమతోనే రాశాడు, అందులో అనుమానం లేదు. అది చదివినవాళ్ళు కాలవల మీద మోజు పడ్డారు. 1946లో కాలవల్ని కాపాడే సంఘం పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళ కొరత వస్తే, ఎక్కువగా కలిగిన ఇళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు పడవలు నడిపారు. వాళ్ళూ కష్టపడ్డారు. వాళ్ళల్లో ఎమ్మా స్మిత్ రాసిన పుస్తకం 1948లో అచ్చయి పేరు తెచ్చుకుంది. పుట్టినప్పటి నుంచి అదే చుక్కాని పట్టిన పడవ ఆడవాళ్ళ గురించి ఆ పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు చదివే భాగ్యం వాళ్ళల్లో చాలామందికి లేదు. తమ కథ తాము రాసుకోలేనివాళ్ళ కథ పక్కవాళ్ళ చేతిలో పడుతుంది. ఆ పక్కవాడు మంచివాడైతే ముచ్చటగా రాస్తాడు, చెడ్డవాడైతే మురికిగా రాస్తాడు. రెండింట్లోనూ కలం వాడిదే.

1962-63 చలికాలం కాలవలు గడ్డకట్టి వారాల తరబడి పడవలు కదల్లేదు. పోయిన సరుకు మళ్ళీ రాలేదు. ప్రభుత్వ సంస్థ 1963లో తన ఇరుకు పడవల రవాణాను దాదాపుగా మూసేసింది. పడవ కుటుంబాలు గట్టెక్కి కౌన్సిలు ఇళ్ళల్లో, ఫ్యాక్టరీల్లో కలిసిపోయాయి. ఖాళీ అయిన కాలవలు విహారానికి వచ్చేవాళ్ళ పాలయ్యాయి. నీళ్ళ డబ్బా మీది గులాబీలు బజారులో అమ్మే కప్పుల మీదికి ఎక్కాయి. 2014 నుంచి పేరున్న నటీనటుల జంట ఒకటి కాలవల మీద తిరుగుతుంటే టీవీలో దేశమంతా చూసింది. బొగ్గు మోసినప్పుడు సిగ్గుపడ్డ దేశం, బొగ్గు దిగిపోయాక గర్వపడింది. శ్రమ పోయాకే ఆ పడవకు మర్యాద వచ్చింది.

మరి ఇప్పుడు అందరికీ ఆ మర్యాద దక్కుతోందా? లేదు. ఇంగ్లండు, వేల్సుల్లో సుమారు 3,200 కిలోమీటర్ల జలమార్గాలు 2012 నుంచి ఒక ట్రస్టు చేతిలో ఉన్నాయి. దాని కింద 35,000కు పైగా పడవలున్నాయి. అందులో రిటైరై, ఇల్లు ఉండగానే సరదాకు పడవ కొనుక్కున్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఏటా వేల పౌండ్లు కట్టి పడవ కట్టేసుకునే సొంత రేవు ఉంటుంది. లండను లాంటి చోట ఇంటి అద్దె కట్టలేక పడవ ఎక్కినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు రేవు కొనే డబ్బు లేదు. 1995 చట్టం ప్రకారం సొంత రేవు లేని పడవ ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదు. సరైన కారణం చూపిస్తే తప్ప కదిలిపోవాల్సిందే. ఏడాదిలో 20 మైళ్ళ పరిధి కూడా తిరక్కపోతే నియమం పాటించినట్టు ఒప్పుకోవడం కష్టమని ట్రస్టు చెబుతుంది. బడికి పోయే పిల్ల ఉన్న తల్లి ఏం చేయాలి? పనికి పోయే చోటు ఒకటే ఉన్నవాడు ఏం చేయాలి? 1877లో చట్టం చేసినప్పుడు ఉన్న ప్రశ్నే ఇవాళ కూడా ఆ నీళ్ళ మీద తేలుతోంది.

నియమం తప్పితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే 1983 చట్టం కింద పడవను కాలవలోంచి తీసేయవచ్చు. పడవ తీసేయడమంటే ఇల్లు తీసేయడమే. 2024 ఏప్రిల్ నుంచి సొంత రేవు లేని పడవల లైసెన్సు మీద అదనపు రుసుం వేశారు. అది ఏటా పెరిగి 25 శాతానికి చేరేలా పెట్టారు. తక్కువ ఉన్నవాడి మీద ఎక్కువ భారం! పడవవాళ్ళు నిరసన తెలిపారు. 2009లో పుట్టిన వాళ్ళ సంఘం ఒకటుంది. ఒకప్పుడు తిట్టుగా ఉన్న 'బార్జీ' మాటనే ఆ సంఘం పేరులో పెట్టుకున్నారు. పెట్టిన పేరును తిప్పికొట్టడం మనకూ తెలిసిన విద్యే.

కాలవ ఒడ్డున కొత్తగా లేచిన ఫ్లాట్ల సంగతి కూడా చెప్పాలి. కాలవ కనిపించే కిటికీకి ధర ఎక్కువ. బొమ్మలో రంగుల పడవ ఉంటే ఇంకా అందం. కానీ చలికాలం ఆ పడవ పొయ్యి పొగ కిటికీ దాకా వస్తే ఫిర్యాదు. కట్టేసి ఉన్న పడవల పొగ మీద కూడా ఆంక్షలు పెట్టే అధికారం 2021 పర్యావరణ చట్టంతో స్థానిక కౌన్సిళ్ళకు వచ్చింది. పొగ మంచిదని మేం అనడం లేదు. ఆ పొయ్యి బదులు కరెంటు ఎవరిస్తారని అడుగుతున్నాం. పడవ కావాలి, పడవలో మనిషి వద్దు అన్నట్టుంది ఈ వరస. మన పాటా, మన డప్పూ సభకు కావాలి గానీ మనం పక్కన కూర్చోవద్దన్నట్టే.

ఇక్కడిదాకా అక్కడిదీ మనదీ ఒకటే కథలాగా కనిపిస్తుంది. కాదు. తేడా ఉంది. ఆ తేడా దాచిపెడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

పడవలో మరుగుదొడ్డి డబ్బా ఉంటుంది. అది నిండితే పడవలో ఉండే మనిషే మోసుకుపోయి రేవులో దానికని కట్టిన చోట పారబోసి కడుక్కొస్తాడు. ప్రొఫెసరయినా, ప్లంబరయినా తన డబ్బా తనే మోస్తాడు. మోసినందుకు వాడి కొడుక్కి ఆ పని రాసిపెట్టరు. వాడి కూతురికి సంబంధం తప్పిపోదు. మన దేశంలోనో? పక్కవాడి మలం ఎత్తించడానికి ఒక కులాన్నే కేటాయించారు. ఆ పాపాన్ని ఆపడానికి 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా మురుగు గుంతల్లో దిగి ఊపిరాడక చస్తున్నది ఏ వాడల బిడ్డలో అందరికీ తెలుసు. అక్కడ అది ఇంటి పని. ఇక్కడ అది పుట్టుక మీద వేసిన శిక్ష.

అంబేద్కర్ 1917లో విదేశాల్లో పెద్ద చదువు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చాడు. ఊరంతా వెతికినా ఉండడానికి గది లేదు. కులం దాచి పార్శీల సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. అదే మనిషి 1921-22లో లండనులో కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంట్లో అద్దెకున్నాడు. అక్కడి నుంచి కొంచెం దూరం నడిస్తే 1820 నాటి రీజెంట్స్ కాలవ. ఆ రోజుల్లో దాని మీద సరుకు పడవలు నడిచేవి. ఆ పడవల మీది జనం గట్టు మీదివాళ్ళకు లోకువే. కానీ పడవ దిగి, బట్టలు మార్చి, ఫ్యాక్టరీలో చేరి, ఒక వీధిలో ఇల్లు తీసుకుంటే ఒకటి రెండు తరాల్లో ఆ మచ్చ చెరిగిపోయింది. బరోడాలో అంబేద్కర్‌కు చదువూ ఉంది, ఉద్యోగమూ ఉంది, ఒంటి మీద కోటూ ఉంది. మచ్చ మాత్రం పోనివ్వలేదు. వర్గం పడవ లాంటిది, కష్టపడితే దిగొచ్చు. కులాన్ని ఒంటికి కట్టి పంపిస్తారు. డబ్బొస్తే అన్నీ సర్దుకుంటాయని మనకు బుద్ధులు చెప్పే పెద్దలు ఈ తేడాకు జవాబు చెప్పాలి.

అయితే అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది లేదా? ఉంది. నిలబడే జాగా మీద హక్కు లేనివాడికి మిగతా హక్కులన్నీ కాగితం మీదే మిగులుతాయి. అక్కడి సర్కారు ఆసుపత్రిలో పేరు రాయించుకోవడానికి చిరునామా రుజువు అక్కర్లేదని నియమం ఉంది. స్థిరమైన ఇల్లు లేనివాళ్ళు ఫలానా ప్రాంతానికి చెందినవాళ్ళమని రాసిచ్చి ఓటు నమోదు చేసుకోవచ్చు. 2016 చట్టంలో, పడవ ఇళ్ళు కట్టేసుకునే చోట్ల అవసరం ఎంతుందో కౌన్సిళ్ళు లెక్క చూడాలని రాయించారు. ఊరికే దయతలిచి ఇచ్చేవి కావు ఇవి. నిలబడి అడిగితే వచ్చేవి, అడగడం మానేస్తే అధికారులు మరిచిపోయేవి.

విజయవాడలో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ గట్ల మీద గుడిసెలేసుకుని బతికినవాళ్ళను అడగండి, గట్టంటే ఏమిటో చెబుతారు. డెల్టా అంతటా కాలవ గట్టు మీద ఉన్నది ఎవరు? సెంటు భూమి లేని మాల, మాదిగ, బెస్త, యానాది కుటుంబాలు. కాలవ శుభ్రం చేయాలన్నా, అందంగా కనపడాలన్నా ముందు పీకేది వాళ్ళ గుంజలే. కాగితంలో వాళ్ళ పేరు ఆక్రమణదారులు. ఆ కాలవ నీళ్ళు పారే వేల ఎకరాలు ఎవరి చేతిలో ఉన్నాయో, ఎట్లా వచ్చాయో అడిగే కాగితం మాత్రం లేదు.

అందుకే మన సంఘాల కార్యకర్తలకు ఒక పని చెబుతున్నాం. వచ్చే పక్షం లోపల మీ ఊళ్ళో కాలవ గట్టు మీద, చెరువు కట్ట మీద, రోడ్డు మార్జిన్లో, పోరంబోకులో ఉన్న ఇళ్ళన్నీ లెక్క రాయండి. ఎన్నేళ్ళ నుంచి ఉన్నారో, రేషను కార్డు, ఓటు ఉన్నాయో లేవో రాయండి. ఇల్లు లేనివాళ్ళకు కూడా ఓటు ఇవ్వాలని ఎన్నికల సంఘం చెప్పింది. బూతు స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు, చిరునామా కాగితం అడక్కూడదు. ఈ మాట తెలియక ఓటు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో! వాళ్ళకు చెప్పండి, దరఖాస్తు రాసిపెట్టండి, రసీదు తీసుకోండి. ఇంటి పట్టా ఆడమనిషి పేరున అడగండి. గట్టు మీంచి లేపుతామంటే, ముందు ఎక్కడ జాగా ఇస్తారో కాగితం మీద చూపించమనండి. పదిమంది కలిసి వెళ్ళండి. ఒక్కణ్ణి పంపితే వాణ్ణి ఇంకో గట్టుకు తోస్తారు.

ఇంకో పని కూడా ఉంది. మీ వాడ కథ మీరే రాయండి. ఎవరు కట్టారు, ఎవరు తవ్వారు, ఎన్నిసార్లు లేపారు, ఎన్నిసార్లు మళ్ళీ వేసుకున్నారు, అంతా రాయండి. రాయడం రాని పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లలు రాయండి. అచ్చేసే బాధ్యత మాది. పడవ ఆడవాళ్ళ కథ పరాయివాళ్ళ పుస్తకాల్లో మిగిలినట్టు మన అమ్మల కథ మిగలకూడదు.